వంకర ఎవరిది?

మగవాళ్ళు ఉద్యోగంలోంచి రిటైరయ్యాక ఇంట్లో ఆడవాళ్ళకి కొత్త ఉద్యోగం మొదలవుతుందని మా అమ్మ అంటూండేది. అప్పట్లో నవ్వుకునేదాన్ని. మావారు రిటైరై రెండేళ్ళయింది కనక ఇప్పుడు నవ్వడం మానేశాను. మొదటి ఆర్నెల్లూ వంటింట్లో డబ్బాలన్నిటికీ పేర్లు రాసి అంటించారు. తర్వాత ఆర్నెల్లు పెరట్లో నిమ్మచెట్టుకి రోజుకో మందు కొట్టారు. పాపం, ఆ చెట్టు ఆయన శ్రద్ధకి తట్టుకోలేకపోయింది. ఆపైన, ఈ ఏడు వేసవిలో ఒక సాయంత్రం మా ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. నలుగురు మనుషులు రొప్పుతూ ఒక పెద్ద పెట్టె దింపారు.

"ఏమిటండీ ఇది?" అన్నాను గుమ్మంలోంచి.

"చిత్రిక మిషను" అన్నారు మావారు, కొత్త పెళ్ళికొడుకులా సిగ్గుపడుతూ.

మాది జూలూరుపాడు. ఖమ్మం నుంచి తల్లాడ, ఏన్కూరు మీదుగా కొత్తగూడెం వెళ్ళే దారిలో వస్తుంది. 2016 అక్టోబరు దాకా ఖమ్మం జిల్లా వాళ్ళం, ఆ తర్వాత భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వాళ్ళమయ్యాం. ఒక పక్క పత్తి, మిరప చేలు, ఇంకో పక్క అడవి. అడవి పక్కనే ఉన్నారు కదా, టేకు మీకు ఊరికే వస్తుందేమో అనుకునేరు! కొన్న ప్రతి దుంగకీ కాయితం ఉండాలి. మా దగ్గరున్నది మాత్రం మా అత్తగారి నాటి పెంకుటిల్లు దింపినప్పుడు వచ్చిన టేకు తలుపులూ, పలకలూ. పదేళ్ళుగా వెనక రేకుల షెడ్డులో దుమ్ము కొట్టుకుని పడి ఉన్నాయి. వాటితో ఈయన భోజనాల బల్ల చేస్తారట, ఆరుగురు కూర్చునేంత. ఇద్దరమే ఉన్న ఇంట్లో ఆరుగురి బల్ల ఎందుకని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఆ మిషను సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే తర్వాత నేను చెప్పబోయేది మీకు అర్థం కాదు. రెండు పనులు ఒకే యంత్రంలో ఇమిడి ఉన్నాయి. పైన పోత ఇనుముతో చేసిన రెండు బల్లలు, ముందొకటీ వెనకొకటీ. రెంటికీ మధ్య మూడు బ్లేళ్ళు బిగించిన ఉక్కు రోలరు. అది నిమిషానికి నాలుగైదు వేల చుట్లు తిరుగుతుంది. వంకరగా ఉన్న పలకని ముందు బల్ల మీద పెట్టి తోస్తే, బ్లేళ్ళు దాని అడుగుని గీరుతాయి, గీరిన భాగం వెనక బల్ల మీదికి వెళుతుంది. అలా ఒక ముఖం తిన్నగా అవుతుంది. పక్కనున్న దడికి ఆనించి తోస్తే అంచు కూడా తిన్నగా వస్తుంది. ఇది జాయింటరు పని. ఆ తర్వాత అదే పలకని మిషను కడుపులోంచి పంపితే, లోపలి రోలర్లు దాన్ని అదిమి లాక్కుంటూ ఉంటే పై ముఖం చెక్కుడు పడి, పలక అంతా ఒకే మందానికి వస్తుంది. ఇది ప్లేనరు పని. మా చిన్నప్పుడు వడ్రంగి రోజంతా చెమటోడ్చి చేతి చిత్రికతో చేసే పని పావుగంటలో అయిపోతుంది.

మావారు ఫోనులో వీడియోలు చూసి అన్నీ నేర్చుకున్నారు. డీజిలు ముంచిన గుడ్డతో గ్రీజంతా తుడిచారు. కాళ్ళ కింద రేకు ముక్కలు పెట్టి ఊగకుండా నిలబెట్టారు. ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్తింగు వేయించారు. నాకు కూడా ఆంక్షలు పెట్టారు: మిషను తిరిగేటప్పుడు కొంగు బిగించి దోపాలి, గాజులు తీసెయ్యాలి, జడ ముడి వేసుకోవాలి, చేతికి తొడుగు అసలే వెయ్యకూడదు, అది బ్లేడుకి చిక్కితే చేతిని కూడా లాక్కుపోతుందట. "నేనేం తోస్తానా, పెడతానా?" అన్నాను. "చూడ్డానికి వస్తావుగా" అన్నారు. వెళ్ళాను కూడాను.

మొదటి పలక వచ్చింది. అద్దంలా ఉంది. టేకు వాసన షెడ్డంతా నిండిపోయింది. మా అత్తగారు తలుపు వేసే చప్పుడు కూడా వినపడినట్టయింది నాకు. కానీ చెయ్యి పెట్టి తడుముతూ పోతే, చివర రెండు మూడంగుళాల మేర చిన్న పల్లం తగిలింది. "చెక్క పాతదిగా, అక్కడ ముడి ఉండి ఉంటుంది" అన్నారు మావారు. రెండో పలకకీ అదే చోట పల్లం పడింది. "ఇది ఎండకి పగిలిన పలక" అన్నారు. మూడోదానికి చెదలన్నారు. ఏడో పలక వచ్చేసరికి కరెంటు ఓల్టేజీని తిట్టారు. పదో పలకకి మిషను అమ్మినవాణ్ణి తిట్టారు. ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడని నేను పైకి అనలేదు గానీ, అనుకున్నానని నా మొహం చెప్పే ఉంటుంది. ఆ రోజు ఆయన సరిగ్గా అన్నం తినలేదు.

మర్నాడు ఆచారిగారు వచ్చారు. ఊళ్ళో ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. మా పాత ఇంటి ద్వారబంధాలు ఎత్తింది వాళ్ళ నాన్నగారే. డెబ్భై ఏళ్ళ మనిషి, ఇలాంటి మిషను సొంతంగా ఎన్నడూ కొనలేదు గానీ, టింబరు డిపోలో ఏళ్ళ తరబడి నడిపాడు. పది పలకలనీ వరసగా గోడకి ఆనించి చూశాడు. మావారు ముడీ, ఎండా, చెదలూ, కరెంటూ అన్నీ చెప్పారు. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"సారూ, ఒక పలక చివర పల్లం పడితే చెక్క తప్పనుకోవచ్చు. పది పలకలకీ ఒకే కాడ పడితే చెక్క తప్పెట్టా అవుతది?" అన్నాడు.

ఆ మాట నాకు షెడ్డులో మామూలుగానే వినిపించింది. రాత్రి పక్క మీదికి చేరాక మళ్ళీ వినిపించింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఆచారిగారు ముందు ప్లగ్గు పీకించాడు. తర్వాత తిన్నని చిన్న చెక్కముక్కని వెనక బల్ల మీద, ఒక కొన బ్లేళ్ళ మీదికి వచ్చేట్టు పెట్టి, రోలర్ని చేత్తో మెల్లిగా తిప్పాడు. బ్లేడు ఆ ముక్కని అరంగుళం ముందుకి ఈడ్చుకుపోయింది. "ఈడ్చకూడదు. తగిలీ తగలనట్టు పోవాల" అన్నాడు. బ్లేళ్ళు వెనక బల్ల కన్నా వెంట్రుక మందం ఎత్తులో ఉన్నాయట. అంతే. పలక తోక ముందు బల్లని వదిలే క్షణంలో ఆ వెంట్రుక మందం కిందకి దిగి, బ్లేడు ఆ చివర లోతుగా కొరికేస్తోంది. వెంట్రుకంత తేడాకి పది పలకలు! బ్లేళ్ళు దించి, మూడింటినీ ఒకే ఎత్తుకి తెచ్చి బిగించేసరికి మధ్యాహ్నమయింది.

"ఇక దడి చూద్దాం. మూలమట్టం ఇటియ్యండి" అన్నాడు.

మావారు పెట్టె తెరిచి మూలమట్టం తీసి రెండు చేతులతో ఇచ్చారు. అది మా మామగారిది. ఇత్తడి పట్టీ అరిగి మెరుస్తూ ఉంటుంది. దడిని మావారు దాంతోనే నిలబెట్టారు. ఆచారిగారు దాన్ని దడికి ఆనించలేదు. ఒక పలక అంచుకి ఆనించి పెన్సిలుతో అడ్డంగా ఒక గీత గీశాడు. తర్వాత మూలమట్టాన్ని బోర్లా తిప్పి, అదే చుక్క నుంచి ఇంకో గీత గీశాడు. రెండు గీతలూ కలిసిపోవాలట. కలవలేదు. సన్నగా నోరు తెరిచిన పిట్టముక్కులా విడిపోయాయి.

"మా నాన్నగారి మూలమట్టం తప్పా?" అన్నారు మావారు. ఆయన గొంతు ఎలా ఉందంటే, వాళ్ళ నాన్నగారినే ఎవరో ఏదో అన్నట్టుంది.

"పెద్దాయన కాలంలో సరిగ్గానే ఉండుంటది సారూ. ఎప్పుడో కిందపడుంటది. ఈ గీతల మధ్యన కనపడే సందులో సగం దీని తప్పు. తిప్పి చూస్తేనే బయటపడతది, తిప్పకపోతే వందేళ్ళైనా కనపడదు" అన్నాడు ఆచారిగారు, దాన్ని మళ్ళీ భద్రంగా ఆయన చేతిలో పెడుతూ.

ఇదీ జరిగింది. ఇందులో పెద్ద వేదాంతమేముందని మీరనొచ్చు. నాకూ ఆ పగలంతా ఏమీ కనిపించలేదు. రాత్రి నిద్ర పట్టక పైన ఫ్యాను కేసి చూస్తూ పడుకుంటే, ఒక పిచ్చి అనుమానం వచ్చింది. పలకని మిషను సరిచేస్తుంది. మిషనుని మూలమట్టం సరిచేస్తుంది. మూలమట్టాన్ని ఇంకో తిన్ననిదేదో సరిచెయ్యాలి. దాన్ని మరొకటి. అలా వెనక్కి వెనక్కి పోతే, లోకంలో మొట్టమొదటి తిన్ననిదాన్ని ఎవరు చేశారు? దేంతో సరిచూశారు?

మర్నాడు మా మేనల్లుడికి ఫోను చేశాను. వాడు మెకానికల్ ఇంజనీరింగు చదివాడు. "అత్తయ్యా, నువ్వడిగింది చిన్న ప్రశ్న కాదు" అని మొదలుపెట్టి వాడు చెప్పింది విన్నాక, ఇన్నేళ్ళూ ఈ సంగతి తెలియకుండా ఎలా కాపురం చేశానా అనిపించింది.

ఇంగ్లండులో జోసెఫ్ విట్వర్త్ అనే యంత్రాల నిపుణుడుండేవాడు. కుర్రతనంలో లండనులో హెన్రీ మాడ్స్‌లే కర్మాగారంలో పనిచేశాడు. నిజంగా సమతలంగా ఉండే ఇనప పలకని తయారుచేసే పద్ధతిని ఆయన 1840లో గ్లాస్గో సభలో వివరించాడు. అంతకుముందు ఎలా చేసేవారంటే, రెండు పలకలు తీసుకుని ఒకదానితో ఒకటి రుద్దేవారు. రెండూ కలిసిపోతే తిన్నగా వచ్చాయనుకునేవారు. కానీ అందులో ఒక మోసం ఉంది. ఒకటి నడుమ ఉబ్బెత్తుగా, రెండోది నడుమ గుంటగా తయారైనా సరే, ఆ రెండూ సందు లేకుండా చక్కగా కలిసిపోతాయి!

ఈ ముక్క అర్థం కావడానికి నాకు ఇంగ్లండు దాకా పోనక్కర్లేకపోయింది. మా వంటింటి మూల అత్తగారి సన్నికల్లు ఉంది. యాభై ఏళ్ళు పచ్చళ్ళు నూరగా నూరగా రాయి నడుం గుంటపడింది. పొత్రం ఆ గుంటకి సరిపడా పొట్ట మిగుల్చుకుని అంచుల్లో అరిగిపోయింది. రెండూ ఒకదానికొకటి ఎంత బాగా అమరిపోయాయో! కొత్త పొత్రం తెచ్చి దాని మీద పెడితే ఊగుతుంది, నూరదు. "ఈ పొత్రం మంచిది కాదు" అని మా అత్తగారు రెండుసార్లు కొత్తవాటిని తిప్పి పంపించారు కూడాను.

విట్వర్త్ పద్ధతిలో పలకలు రెండు కాదు, మూడు ఉండాలి. మొదటిదీ రెండోదీ కలిపి చూడాలి, మొదటిదీ మూడోదీ కలిపి చూడాలి, రెండోదీ మూడోదీ కూడా కలిపి చూడాలి. మొదటిది ఉబ్బెత్తుగా ఉందనుకోండి, దానికి సరిపోయేలా మిగతా రెండూ గుంటలు పడతాయి. ఆ రెండు గుంటలనీ ఒకదాని మీద ఒకటి పెడితే, నడుమ సందు కనిపించిపోతుంది. అప్పుడు పలచగా రంగు పూసి, కలిపి తీసి, రంగు అంటిన ఎత్తులని మాత్రం కొంచెం కొంచెంగా గీరాలి. మళ్ళీ కలపాలి, మళ్ళీ గీరాలి. ఏ రెంటిని కలిపినా ఒకేలా కలిసిపోయిన రోజున, మూడూ తిన్నబడినట్టు. విచిత్రమేమిటంటే, మొదలుపెట్టేటప్పుడు ఆ మూడింటిలో ఏ ఒక్కటీ తిన్నగా ఉండనక్కర్లేదు!

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం పలకల గోలగానే మిగిలిపోతుంది.

మాకు ఒక్కతే అమ్మాయి. పెళ్ళయిన ఐదేళ్ళకి, కాపురం వదులుకుని వచ్చేసింది. కారణాలు దానివి, నేనిక్కడ రాయను. మొదటిసారి వచ్చినప్పుడు మావారూ నేనూ కూర్చోబెట్టి చెప్పాం: "సర్దుకుపోవాలమ్మా." సర్దుకుపోతానని వెళ్ళింది. రెండోసారి వచ్చింది. మళ్ళీ చెప్పి పంపించాం. మూడోసారి మా ఇంటికి రాలేదు. ఖమ్మంలో చిన్న ఉద్యోగం చూసుకుని, గది అద్దెకి తీసుకుంది. అప్పటినుంచి పద్నాలుగు నెలలుగా పండక్కి ఒక ఫోను, పుట్టినరోజుకి ఒక ఫోను. అంతే. ఇన్ని నెలలూ మావారూ నేనూ ఒకే మాట మీద ఉన్నాం: అమ్మాయిదే తప్పు, దానిది మొండితనం. ఆలుమగలు ఒక్కమాట మీదుండడం ఎంత గొప్పో మన ఇళ్ళల్లో ఎప్పుడూ చెబుతూనే ఉంటారు కదా. నేనూ అదే ధైర్యంతో ఉన్నాను. ఇద్దరం చూసి, ఇద్దరం ఆలోచించి, ఇద్దరం ఒకటే అనుకున్నప్పుడు అది తప్పెలా అవుతుంది?

సన్నికల్లు దగ్గర నిలబడి ఉండగా ఆ ధైర్యం కాస్తా జారిపోయింది. ఆయనకి పరువు ఉబ్బెత్తు. నాకు లోకం ఏమంటుందోనన్న భయం గుంట. ముప్ఫై అయిదేళ్ళుగా ఒకరి మీద ఒకరం అరిగి అరిగి, ఆ ఉబ్బెత్తూ ఈ గుంటా సందు లేకుండా అమరిపోయాయి. దాన్నే మేం న్యాయం అనుకున్నాం. మూడోది వచ్చి మా ఇద్దరిలో ఎవరితోనూ కలవకపోతే, వంకర దానిదే అని తేల్చేశాం. ఊగుతోందని పొత్రాన్ని తిప్పి పంపేసిన అత్తగారికి, నాకూ తేడా ఏముంది?

ఆచారిగారి మాట కూడా అప్పుడే గుచ్చుకుంది. నేను తగువుపడిన వాళ్ళందరినీ వరసగా గోడకి ఆనించి చూసుకున్నాను. తోడికోడలు, చిన్న ఆడపడుచు, పక్కింటావిడ, పనిమనిషి, ఇప్పుడు కన్నకూతురు. అందరి మీదా నా ఫిర్యాదు ఒకటే. "మొదట బాగానే ఉంటారు, చివరికొచ్చేసరికి నా మాట వినరు." పది పలకలకీ పల్లం ఒకే చోట! అది నా బ్లేడు ఎత్తని ఇంతకాలం ఎందుకు తట్టలేదో. గురివింద గింజ సామెత ఇతరులకి వాడడానికే నేర్చుకుంటాం కాబోలు.

ఆ "సర్దుకుపో" అన్న మాటకి కూడా ఆ షెడ్డులోనే అర్థం దొరికింది. మావారు ఒకసారి తొందరపడి, వంగిన పలకని ముందు తిన్నగా చెయ్యకుండానే ప్లేనరు కడుపులోకి పంపించారు. రోలర్లు పైనుంచి అదిమి పట్టుకోవడంతో లోపల ఉన్నంతసేపూ పలక చదునుగానే ఉంది, పై ముఖం నున్నగా చెక్కుడు పడింది. బయటికొచ్చి బరువు వదిలేసరికి మళ్ళీ తన వంపు తను వంగింది. నునుపు వచ్చింది, మందం సమానమైంది, వంపు మాత్రం అలాగే ఉంది. "అదిమితే వినదు సారూ. గుంట వైపు కిందకి పెట్టి, దాని ఒదుగులో దాన్ని కూచోనిచ్చి, మెల్లిగా తొయ్యాల" అన్నాడు ఆచారిగారు. మా అమ్మాయి వంకర పలక అని నేననడం లేదు. అది ఏ ఒదుగులో కూర్చుని ఉందో చూడకుండా, రెండుసార్లు అదిమి పంపించామని మాత్రం అంటున్నాను. మా ముందున్నంతసేపూ నున్నగానే తలూపింది పాపం.

మీలో కొందరు ఇక్కడ నన్ను ఆపుతారని తెలుసు. "అయితే పిల్లలకి మంచీ చెడ్డా చెప్పకూడదా? మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు కదా? ఎవరి మూలమట్టం వాళ్ళదే అయితే ఇంక తప్పూ ఒప్పూ ఏముంది?" అని. నేనూ ఈ ప్రశ్న చాలా రోజులు వేసుకున్నాను. మూలమట్టం తప్పిందని తెలిశాక ఆచారిగారు "ఇంక కొలతలెందుకు, కంటితో చేసేద్దాం" అనలేదు. కొత్తది తెప్పించాడు. దాన్ని కూడా ముందు తిప్పి చూశాడు, ఆ తర్వాతే దడికి ఆనించాడు. తిన్నదనం ఉంది. లేకపోతే భోజనాల బల్లకి నాలుగు పలకలు సందు లేకుండా అతకవు, సాంబారు గిన్నె ఒరిగిపోతుంది. కాకపోతే అది మా మామగారి పెట్టెలో భద్రంగా దాచుకునే ఆస్తి కాదు. పెద్దవాళ్ళు మనకిచ్చింది మంచిదే అయి ఉండొచ్చు, మధ్యలో మన చేతుల్లోంచే ఎప్పుడో జారిపడి ఉండొచ్చు. తిప్పి చూసుకునే అలవాటు మాత్రం మనదిగా ఉండాలి.

తిప్పి చూడడమంటే ఏమిటి? పెళ్ళయిన మొదటి ఏట మా పుట్టింటికి వెళ్ళినప్పుడు నేనూ ఒకసారి ఏడ్చాను. మా నాన్న "సర్దుకుపోవాలమ్మా" అన్నారు. ఆ రోజు నాకెలా ఉండిందో నాకు బాగా గుర్తు. అదే మాటని, అదే చుక్క నుంచి, ఇటు తిప్పి మా అమ్మాయి మీద గీశాను. అప్పుడు ఆ మాట నన్నెంత కోసిందో, ఇప్పుడు నేనంటే అంత న్యాయంగా వినిపించింది. రెండు గీతలకీ మధ్య ఎంత సందుందో చూశారా? అందులో సగం కచ్చితంగా నాదే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. చిత్రిక పట్టే యంత్రానికి ఇంగ్లండులో 1791లో పేటెంటు తీసుకున్నాయన పేరు సామ్యూల్ బెంథాం. ఆయన అన్నగారే జెరెమీ బెంథాం, ఎక్కువమందికి ఎక్కువ సుఖం ఏది ఇస్తుందో అదే మంచి అని వాదించిన తత్వవేత్త. తమ్ముడు చెక్కలు చదును చేస్తే, అన్న లోకాన్ని చదును చేద్దామనుకున్నాడన్నమాట. ఇంట్లో ముగ్గురుంటే ఇద్దరి మాటే నెగ్గడం మనకి అలవాటు. ఇద్దరి సుఖం ఒకరి సుఖం కన్నా పెద్దదే కావచ్చు. కానీ ఇద్దరు కలిశారు కనక మూడోది వంకర అని చెప్పడానికి మాత్రం వీల్లేదని విట్వర్త్ పలకలే సాక్ష్యం చెబుతున్నాయి.

అలాగని మా అమ్మాయిది అంతా ఒప్పేనని నేను మీతో వాదించను. దానికి కోపం ఎక్కువ, మాట పెళుసు, ఆ విషయం దానికీ తెలుసు. మూడో పలక తిన్నగా ఉందని విట్వర్త్ చెప్పలేదు, మూడూ వంకరవే అన్నాడు. నాకు ఊరట ఇచ్చింది అదే. ముందుగా ఎవరో ఒకరు పరమ సత్యంగా ఉండి, మిగతా వాళ్ళని దిద్దాలనేం లేదు. ముగ్గురు వంకర మనుషులు ఒకరి మీద ఒకరు ఆనడానికీ, రంగు అంటిన చోట తలో కొంచెం గీరించుకోవడానికీ ఒప్పుకుంటే, అంతకుముందు ఆ ఇంట్లో ఎవరి దగ్గరా లేని తిన్నదనం పుట్టుకొస్తుంది. ఒక్కరే గీరించుకోవాలంటే అది పుట్టదు. ఇన్నాళ్ళూ మేం ఆ ఒక్కరి వంతూ దానికే వేశాం.

ఆ శనివారం రాత్రి నేనే ఫోను చేశాను. పండగా కాదు, పుట్టినరోజూ కాదు. "ఏమిటమ్మా, నాన్నకేమైనా..." అంది కంగారుగా.

"ఏం లేదు. మీ నాన్న చిత్రిక మిషను కొన్నారు. తాతగారి మూలమట్టం తప్పిందని తేలింది" అన్నాను.

కొంచెంసేపు అవతల ఏమీ వినపడలేదు. "ఎవరు కనిపెట్టారు?" అంది.

"ఆచారిగారు. తిప్పి చూశాడు" అన్నాను. ఇంకా చాలా చెప్పాలనుకున్నాను గానీ గొంతు పెగల్లేదు. అది కూడా అడగలేదు. ఆదివారం వస్తానంది.

వచ్చింది. మావారు దాంతో పెద్దగా మాట్లాడలేదు, మాట్లాడకుండానూ లేరు. బల్లకి అతికించాల్సిన పలకలు నాలుగూ వరసగా పరిచి ఉన్నాయి. అమ్మాయి ఒక్కోదాని మీదా చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, ఈ చివర నుంచి ఆ చివరకి నిమురుతూ పోయింది. చిన్నప్పుడు నాన్నమ్మ వాకిట్లో ఆ తలుపు పట్టుకునే అది నడక నేర్చింది. మూడో పలక దగ్గర చెయ్యి ఆగింది.

"నాన్నా, ఇక్కడ ఇంకా కొంచెం ఎత్తుంది" అంది.

నా గుండె గుబుక్కుమంది. ఈయన ముడి అంటారో, చెదలంటారో, నీకేం తెలుసంటారో అని చూస్తూ నిలబడ్డాను. మావారు కళ్ళజోడు సవరించుకున్నారు. వంగి, దాని వేలు ఉన్న చోటే తన వేలు పెట్టి తడిమారు.

"అవునమ్మా, ఉంది" అన్నారు.